రెండో మునక

పుంతా అరేనాస్‌లో ఆగస్టు.
గాలి ముదిరితే మనుషులు
వీధి తాళ్ళు పట్టుకుని నడిచే ఊరు మాది.
చాపెల్‌లో నీళ్ళు కాచే యంత్రం
సరిగ్గా ఆ రోజే చెడిపోయింది.

నడుం లోతు నీళ్ళలో, తెల్లబట్టల్లో,
ఇరవయ్యేళ్ళ పిల్లాడు, ఎల్డర్ లుండ్‌క్విస్ట్.
యూటా నుంచి వచ్చి ఇంకా నాలుగు నెలలు కాలేదు.
పళ్ళు టకటకలాడుతుంటే నా పేరు పలికాడు:
ఎడువిజిస్.
ఎదువీహిస్ నాయనా, అన్నాను.
దేవుడికి తప్పు పేరు చేరకూడదు కదా.

వెనక్కి వంచి ముంచాడు.
గట్టు మీద సాక్షులిద్దరూ తలలు అడ్డంగా ఊపారు.
కుడికాలి బొటనవేలు పైకి తేలిందట.
ఒక్క వేలు పొడిగా మిగిలినా
లెక్కలోకి రాదట.
మళ్ళీ ముంచాడు,
ఈసారి తన పాదంతో నా పాదాన్ని అదిమిపట్టి.
మునిగాక చలేమిటి?

నా మొగుడు ఫెర్మీన్ పీతల పడవతో సహా పోయి
అప్పటికి ఏడు నెలలు.
సముద్రం అతన్ని ఒక్కసారే ముంచింది.

కాఫీ మానేశాను.
ఆదివారం కొట్టు మూశాను.
ఇంటి మతం వదిలానని
మా అమ్మ నాతో మాట మానేసింది.
శీతాకాలం మధ్యలో ఒక పొద్దున
వేడి రొట్టె గుడ్డలో చుట్టుకుని తనే వచ్చింది,
"ఈ చలికి ఏం తిని చస్తున్నావే" అంటూ.
మతం సంగతి ఆమె ఎత్తలేదు.
నేనూ ఎత్తలేదు.

ఇరవయ్యారేళ్ళకి ఉత్తరం.
థేన్ అని సంతకం.
ఎల్డర్‌కి ఇంకో పేరుంటుందని
నాకెప్పుడూ తోచలేదు.
ఓరిన్ అనే అతన్ని పెళ్ళాడాడట.
వార్డు పుస్తకంలో తన పేరు తీసేశారట.
"నేనిచ్చిన బాప్తిస్మం మీద
నీకు అనుమానం కలిగితే, క్షమించు."

నన్ను నీళ్ళలోంచి పైకి లేపినవాడికి
నీళ్ళొదిలేశారు.

మా బిషప్ టైర్లమ్ముతాడు, మంచివాడు.
"నీది చెల్లుతుంది సిస్టర్,
అప్పుడతనికి అధికారం ఉంది కదా."
నేనడిగింది నాది గురించి కాదు.

కొట్లో ఫ్రీజరు అమ్మి టికెట్ కొన్నాను.

ఎఫ్రాయిమ్. టర్కీకోళ్ళ షెడ్లు,
మంచు, మళ్ళీ షెడ్లు.
నెల మొదటి ఆదివారం, అందరూ ఉపవాసం.
వెనక వరసలో మడతకుర్చీలు:
థేన్, ఓరిన్, నేను.
థేన్ జుట్టు పల్చబడింది.
నా పేరు మాత్రం ఇప్పుడు సరిగ్గా పలుకుతున్నాడు.

మోకాళ్ళ దాకా వేలాడే టైతో
పన్నెండేళ్ళ కుర్రాడు రొట్టె పళ్ళెం తెచ్చాడు.
థేన్ అందుకుని, ఏమీ తీసుకోకుండా,
నా వైపు జరిపాడు.
ఆ చేతిని గుర్తుపట్టాను.
అప్పుడు నా మణికట్టు దగ్గర
అది ఇంతకన్నా ఎక్కువే వణికింది.

సాక్ష్యం ఎవరైనా చెప్పొచ్చన్నారు.
లేచాను. నాకొచ్చిన ఇంగ్లీషు
చేపలు తూచడానికి సరిపోయేంత.
బొటనవేలి సంగతి చెప్పాను. కొందరు నవ్వారు.
"ఒక్క వేలు బయటున్నా మునక కాదన్నది మీరే.
ఈయన బయటుంటే
మీరందరూ తడిసినట్టేనా?"

ఎవరిదో పసిబిడ్డ ఏడ్చింది.
బిషప్ గడియారం చూసుకున్నాడు.
ఒక కుటుంబం కుటుంబమే లేచి
కోట్లు వేసుకుంటూ వెళ్ళిపోయింది.
ఆర్గాన్ వాయించే వెర్డా అనే ముసలామె
పాట అందుకోవాల్సిన చోట
చేతులు ఒళ్ళో పెట్టుకుని
చాలాసేపు కూర్చుంది.

అంతే. ఇంకేం జరగలేదు.
బయట కారు దగ్గర ఆమె ఓరిన్‌ని
"నీకు బంగాళదుంపలు పడతాయా" అనడిగింది.
పడతాయన్నాడు.

రాత్రి వాళ్ళింట్లో,
మంచుకి తడిసిన నా మేజోళ్ళు
ఓరిన్ హీటరు మీద ఆరేశాడు.
కుడికాలిది
తెల్లారినా ఆరలేదు.