లాభం

ఎంజీఎం దవాఖాన పాత బిల్డింగు వెనక
మాటల గది మాది.
ఒక బల్ల, రెండు కుర్చీలు, ఆగి ఆగి తిరిగే ఫ్యాను,
అట్టపెట్టెల నూటఇరవై బొమ్మలు.

మేకల కొమ్మాలు, అరవై రెండేండ్లు,
ఎనుమాముల మార్కెట్ల హమాలి.
పత్తి బోరాల మీద కునుకుతీసి లేచేసరికి
కుడిచెయ్యి, నాలుక
రెండూ మాట వినలేదట.

ఫైలు మీద డాక్టరు రాసిన పేరు
నోరు తిరగనంత పొడుగున్నది.
ఆయన భార్య కనుకవ్వ ఒక్క ముక్కల చెప్పింది:
"మాట లోపల్నే ఉన్నది బిడ్డా,
తొవ్వ తప్పింది."

దువ్వెన బొమ్మ చూపిస్తే
ఎడమచేత్తోని తల దువ్వుకుంటడు.
కత్తెరకు రెండు వేళ్లు ఆడిస్తడు.
పేరు అడిగితే మాత్రం
పెదవులు సర్దుకొని, ఊపిరి బిగబట్టి
"అదీ... గదీ..."
చెమట తుడుచుకుంటడు.

తిట్లు పోలేదు.
ఫ్యాను ఆగితే చాలు, దాని అవ్వను తలుసుకుంటడు
ఒక్క అక్షరం తడబడకుంట.
కనుకవ్వకు సిగ్గూ, సంబురం.
పేర్లు ఒక అర్రల, తిట్లు ఇంకో అర్రల ఉంటయని
నేను పుస్తకంల చదివిన.
చెవులార విన్నది ఆ పొద్దే.

నాలుగో రోజు సొరకాయ బొమ్మ పెట్టిన.
చాలాసేపు చూసిండు.
"ఆ... ఆని... ఆనిగె..."
నా జవాబుల కాగితంల సొరకాయ అని అచ్చయి ఉన్నది.
ఇంటు కొట్టిన.
కొట్టినంక యాదికొచ్చింది,
పరకాలల మా దడి మీద పాకింది ఆనిగెపు తీగనే అని,
సొరకాయ నాకు ఎదురైంది
మూడో తరగతి వాచకంల అని.
రబ్బరు లేదు.
ఇంటు మీద గీకి గీకి కాగితానికి చిల్లు పడ్డది.

మా పక్క వార్డుల
ఏటూరునాగారం అడవికెల్లి తెచ్చిన ఈసం పాపయ్య
రాత్రంత "ఏరు, ఏరు" అన్నడు.
"ఏరు ఏడికెల్లి తేవాలె తాతా,
గోదారి మీ దిక్కే ఉండె గద!"
ఆయా నవ్వింది.
మనవడికి పాణి పట్టుకొస్తున్న తండా మనిషి మాంగి
ఆ మంచం కాడ నిలబడ్డది.
పగిలిన పెదవులు చూసి
గిలాస ఆయన చేతికిచ్చింది.
కోయల ఏరంటే నీళ్లేనట.
మాకు పారేది, ఆయనకు తాగేది.
మాంగికి కోయ రాదు.
దూప తెలుసు.

గురువారం కరెంటు పోయింది.
ఉక్కపోతల ఏం తోచక
బొమ్మలన్ని బల్ల మీద కుప్ప పోసిన.
కొమ్మాలు ఒక్కటి తీసి పక్కకు పెట్టిండు,
కాంటా మీదికెల్లి బస్తా దించినట్టు.
"లాభం."

నేను కదల్లేదు.

"రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు.
ఆరున్నొక్కటి."
ఏడు అనలేదు.
గింజల కాడ ఏడుపు మాట రావద్దని
వాళ్ల నాయిన నేర్పిన లెక్కనట.
"ఎనిమిది. తొమ్మిది."
మిర్చి ఘాటుకు దగ్గుకుంట
నలభై ఏండ్లు మోసిన మాటలు
ఒకదాని తోక పట్టుకొని ఒకటి
కాజీపేట మీదికెల్లి గూడ్సుబండి పోయినట్టు
పోతనే ఉన్నయి.

అవే చేతులల్ల దువ్వెన బొమ్మ పెట్టి అడిగితే
మళ్ల "గదీ."
బండి ఆగింది.

రిపోర్టుల ఒక గడి ఉన్నది:
'కుటుంబ సభ్యులను పేరుతో పిలుచుట.'
కనుకవ్వను ముందర కూసోబెట్టిన.
"ఈమె ఎవరు? పేరు చెప్పు పెద్దనాయినా."
ఆమె దిక్కు చూసిండు.
నోరు తెరిచిండు, మూసిండు.
ఆమె కొంగు సర్దుకున్నది,
ఫొటో దిగుతున్నట్టు.

"ఇగో."

గడిల ఇంటు పెట్టబోయి
ఎందుకో కనుకవ్వను అడిగిన,
"అవ్వా, ఇంతకుముందు నిన్ను ఏమని పిలిచేటోడు?"
"పేరువెట్టి ఎన్నడు పిలిచిండు బిడ్డా!
లగ్గమైన కాడికెల్లి గంతే."

కొమ్మాలు మళ్ల అన్నడు,
ఈసారి కొంచెం గట్టిగ,
నన్ను ఇద్దరి నడుమకెల్లి
పక్కకు జరగమన్నట్టు:
"ఇగో."

"ఆఁ," అన్నది కనుకవ్వ.