వేబ్రిడ్జి

గ్రీమ్స్‌పేటలో జిరాక్సు షాపు పైన
పదడుగుల గది నాది.
వెబ్ డిజైన్, లోగోలు, విజిటింగ్ కార్డులు
అని బోర్డు మీద ఉంటుంది.
ఇంకో పని కూడా చేస్తాను.
దానికి బోర్డు లేదు.

పగలంతా పసుపు.
గుజ్జు ఫ్యాక్టరీ దొరస్వామి నాయుడు గారికి
తోతాపురి పసుపే కావాలి.
మొదటిది నిమ్మకాయలా ఉందన్నాడు,
మార్చింది కామెర్లలా ఉందన్నాడు.
పదకొండో పసుపు చూసి
"ఇది బాగుండాదబ్బా, కానీ మొదటిదే ఏసేయ్" అన్నాడు.
వేశాను.

ఎగతాళికి రాయడం లేదిది.
ఆ డబ్బుతోనే పెన్ టాబ్లెట్ కంతు కట్టాను,
మా చెల్లెలు పద్మలత నర్సింగు ఫీజులో సగం కట్టాను.
ఆ పసుపుని నేను తిన్నాను.

జూన్‌లో ఫోటోల కోసం ఫ్యాక్టరీకి వెళ్తే
గేటు బయట రెండు రాత్రులుగా లారీలు.
టార్పాలిన్ల కింద కాయ మగ్గి ఆవిరి కక్కుతోంది.
చక్రాల నీడలో డ్రైవర్లు నిద్రపోతున్నారు.
రైతులు ఫోన్లలో ధర అడుగుతున్నారు,
అడిగిన కొద్దీ అది దిగుతోంది.
"అయ్యొద్దు," అన్నాడు మేనేజరు.
"స్టీలు ట్యాంకులు తియ్యి.
టోపీలు పెట్టుకున్న ఆడోళ్లని తియ్యి, నవ్వమని చెప్పు."
తీశాను. నవ్వమన్నాను. నవ్వారు.
వద్దన్నవి మాత్రం
తుడిచేయలేదు.

రాత్రి పదిన్నరకి కింద షట్టరు పడుతుంది.
మెషిన్ల వేడి మెట్లెక్కి నా గదిలోకి వస్తుంది.
అప్పుడు తెరుస్తాను రెండో ఫోల్డరు.
దాని పేరు చిల్లర.
అందులో ఒక్క లారీని గీస్తున్నాను, నలభై రోజులుగా.
తుప్పుకొక పొర, ఆవిరికొక పొర,
చక్రం పక్కన పడుకున్న మనిషి ఊపిరికి ఇంకొకటి,
పైకీ కిందకీ, అంతే,
టార్పాలిన్‌తో పాటు.

రోజుని కొలిచి కోసి చూశాను:
ఎనిమిది గంటలు వాళ్లకి, మూడు నాకు.
కోసిన చోటల్లా కారింది.
నాయుడు గారి బటన్లు రాత్రి లారీ మీదికి ఎక్కేవి,
లారీ వచ్చి పగలు జీఎస్టీ లెక్కలకి అడ్డం నిలబడేది.

సైటు అప్పగించే ముందు రోజు
ఒక పేజీ మిగిలిపోయింది.
దారి తప్పి వచ్చినవాళ్లకి
మీరడిగిన పేజీ లేదు అని చెప్పే పేజీ.
దాని రంగు గురించి ఎవరూ మాట్లాడరు.
లారీని తీసుకెళ్లి అక్కడ నిలిపాను.

ఆడికృత్తిక పోయిన వారానికి ఫోను.
"ఫ్యాక్టరీ నుంచి మాట్లాడతా ఉండా."
గొంతు ఎండిపోయింది.
"వేబ్రిడ్జి కాడ ఉంటా, కన్నియప్ప నా పేరు.
లేదు అనే పేజీలో లారీ ఒకటి ఉండాది గదా?"
తీసేస్తానన్నా, అన్నాను.
"తీసేదెందుకు? తాడు తప్పు కట్టినావు.
కాయ లోడుకి తాడు అట్ల పోదు.
ఎనక కొక్కేనికి రెండు సుట్లేసి
ఎడం పక్కకి లాగల్ల.
నువ్వు కట్టినట్ల కడితే
మొగిలి ఘాటులోనే కాయంతా రోడ్డు మీదుంటాది."
ఆ పేజీకి ఎట్ల పోయినావన్నా?
"తప్పు నొక్కినా.
ఇప్పుడు దినామూ తప్పే నొక్కతా ఉండా."

ఆ రాత్రి తాడు విప్పి మళ్లీ కట్టాను.
కొక్కెం ఎటు వంగుతుందో తెలీక
కింద నిలిపిన టెంపో దగ్గరికి టార్చి పట్టుకుని వెళ్లాను.
మూడు గంటలు పట్టింది.

తర్వాత ఒకసారి అడిగాను,
కాయ బరువు ఎట్ల తేలుస్తారని.
"నిండు బండిని ఒకసారి ఎక్కిస్తాం,
దించినాక ఖాళీ బండిని ఒకసారి ఎక్కిస్తాం.
రెండు చీట్లూ ఉండల్ల.
ఒకటి పోగొట్టుకున్నోడు
నా కాడికొచ్చి ఏడస్తాడు."

నెలాఖరున నాయుడు గారికి బిల్లు రాశాను.
హోస్టింగు, ఇంత.
పసుపు మార్పులు పదకొండు, ఇంత.
కింద ఇంకో వరుస:
తాడు, మూడు గంటలు.
అంకె వేయలేదు.
కొట్టేయనూ లేదు.

ఈ తాడేందబ్బా అని మేనేజరు
నిన్నటి నుంచి ఫోన్ చేస్తున్నాడు.
ఇంకా ఎత్తలేదు.