అరగని బూట్లు

మా చిన్నతాత ఓదెలు పటాలంల కలిసిన్నాడు
జమ్మికుంట దాటినంక పట్టాల పక్కకు
మా తాత గొర్లను తోలుకపోయిండట,
తమ్ముణ్ని ఒక్కపారి చూద్దామని.
రైలు కూత ఏసింది. మంద చెదిరింది.
గొర్లను మలుపుకొచ్చేసరికి
కిటికీల మొఖం ఎల్లిపోయింది.

బర్మాకు పోవాలె. పోలే.
దేవలాలి దవఖానల పదకొండు దినాలు జరం.
గోలీలు కాల్చ నేర్చినోనికి
మింగే గోలీలే మిగిలినయి.

ఇనుప పెట్టె పార్సిల్ ఆఫీసుకొచ్చింది.
ఆలస్యమైందని రెండణాలు జుర్మానా కట్టి
ఇడిపించుకున్నరు.
దువ్వెన. రాయని కార్డులు మూడు.
బూట్లు,
అడుగున కంపెనీ ముద్ర ఇంకా చెరగలే.

ఎక్కడ కొట్లాడిండు, ఎందర్ని సంపిండని
ఊరు అడిగింది.
"జరంతోని కొట్లాడిండు,
ఒక్కన్ని గూడ సంపలే నా కొడుకు"
అన్నదట మా ముత్తవ్వ.
గర్వంగ అన్నదో, కడుపు కాలి అన్నదో
మా తాతకు సచ్చేదాంక సమజ్ కాలే.

ఆ బూట్లు ఆయినెనే తొడిగిండు.
మానేరు ఇసుకల, పల్లేరుగాయల మీద,
గొర్ల ఎనుక పదమూడేండ్లు.
రెండేళ్ల సైజు పెద్దగున్నయని
ముందల గుడ్డ పేలికలు కుక్కిండు.
ముత్తవ్వ పోయిన్నాడు
అరిగిన జతను ఆమె కాళ్ల కాడ పెట్టి
మన్ను కప్పిండు.

మొన్న రాయి చెక్కిస్తుంటే సర్పంచి అన్నడు:
"యుద్ధంల వీరమరణమని రాయిద్దాం, ఎవలడుగుతరు?"
మేస్త్రి ఉలి పట్టుకొని నా దిక్కు చూసిండు.

ఓదెలు, అని చెప్పిన.
పందొమ్మిదేండ్లు.
రైలెక్కిండు.