రిజిస్టరులో నా పేరు

చిక్కడపల్లి గల్లీలో మూడో అంతస్తు రీడింగ్ రూమ్.
నెలకు పదిహేను వందలు,
ఫ్యాను కింద సీటైతే ఇంకో రెండొందలు.
నాది ఫ్యానుకు దూరం.
మూడో ఏడు, మూడో అటెంప్టు.
ఇవాళ మెదడూ, నరాలూ.

మూతి వంకరపోయినవాణ్ని నుదురు ముడవమను.
ముడత పడితే దెబ్బ పైన, మెదడులో.
వాచీ చూసుకుని పరుగెత్తు: నాలుగున్నర గంటలు,
సీటీలో నెత్తురు లేదంటేనే గడ్డ కరిగించే మందు.
ఆ సగం నుదురూ కదలకపోతే దెబ్బ కింద, నరంలోనే.
మూడు రోజుల్లోపు స్టెరాయిడ్లు,
మూతపడని కంటికి రాత్రిపూట ప్లాస్టరు.

పొద్దుగూకేసరికి వాలే రెప్పలు మయస్థీనియా.
నావీ వాలుతున్నాయి. నాది నిద్ర.

మూర్ఛ వస్తే తాళాలగుత్తి పెట్టకు,
పక్కకు తిప్పు, టైము చూడు,
ఐదు నిమిషాలు దాటితే లొరాజెపామ్.
నిరుడు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఒక కుర్రాడు పడిపోతే
నలుగురు తాళాలు తీశారు, నేను వాచీ చూశాను.
రెండు నిమిషాల పది సెకన్లు.
నా చెప్పుల మీద కక్కుకుని
సారీ మేడమ్ అన్నాడు, పాపం.

పార్కిన్సన్స్: వణుకు, బిగువు, నెమ్మది, తూలు.
నానాటికీ చిన్నదయ్యే చేతిరాత.
దాని మీద పచ్చ హైలైటరు పూశాను.

మెట్ల దగ్గర బల్ల వెనుక ఐలయ్య.
వచ్చేవాళ్ల పేరూ టైమూ ఆయనే రాస్తాడు.
డాక్టర్ల రాత కోడి గెలికినట్టుంటదని
ఎవరికీ పెన్ను ఇవ్వడు.
ఈమధ్య నవ్వడం లేదు.
ఇంకా ఇక్కడే ఉన్నానని నా మీద కోపమనుకున్నాను.
గొంతు తగ్గింది. నా చెవుల్లో దూది అనుకున్నాను.
కింద హోటల్లో పాలు మాడి గల్లీ అంతా కమురు కొడుతుంటే
"ఏం వాసన బిడ్డా?" అన్నాడు.
జలుబేమో అనుకున్నాను.

ఫీజు తకరారు రాకపోతే
ఇంకెన్ని అనుకునేదాన్నో.
మార్చిలో నేను రాలేదంటాడు ఓనరు, వచ్చానంటాను నేను.
పాత రిజిస్టర్లు దించాం.

మొదటి ఏడు: వనం నవనీత, ఉ. 6.10.
బొద్దు నకారాలు, పై వరుసలోకి పొడుచుకొచ్చిన గుడి.
రెండో ఏడు గీతల మధ్య బుద్ధిగా ఒదిగింది.
ఈ ఏడు, వనం దాకా నా పేరే,
అక్కణ్నుంచి చీమల బారు,
చివరి త ఒక చుక్క.

రోజుకు రెండుసార్లు, నా కళ్ల ముందే
ఆ చేతిలో నేను ఎండిపోతూ వచ్చాను.
లోపల బల్ల మీద
పచ్చరంగు ఇంకా ఆరలేదు.

"ఐలయ్యా, ఆ గోడ దాకా నడువు."
నడిచాడు. కుడిచెయ్యి ఊగలేదు,
ఎవరిదో మోసుకెళ్తున్నట్టు.
వెనక్కి తిరగడానికి ఎనిమిది అడుగులు.
కూర్చున్నాక ఒళ్లో బొటనవేలు
చూపుడువేలి మీద లేని బీడీ చుడుతోంది.
పుస్తకంలో మాత్ర చుట్టినట్టని ఉంది.
రాసినాయన బీడీలు చుట్టే ఇళ్లు చూసి ఉండడు.
"మా అమ్మ చుట్టేది," అన్నాడు ఐలయ్య,
"చెయ్యి ఇప్పుడు యాదికి తెచ్చుకుంటున్నట్టుంది."

గురువారం గాంధీ ఓపీ. లైన్లో నాలుగు గంటలు.
లెవోడోపా, కార్బిడోపా, మూడు పూటలు,
అన్నానికి అరగంట ముందు,
పప్పూ గుడ్డూ తిన్న వెంటనే వద్దు.
వాంతికి మెటోక్లోప్రమైడ్ ఎవరిచ్చినా మింగొద్దు.
చీటీ వెనకాల పెద్ద అక్షరాల్లో నేనే రాశాను.

"ఇది పోతదా డాక్టరమ్మా?"

నాలుగు ఆప్షన్లకు అలవాటుపడ్డ నోరు
కాసేపు వెతుక్కుంది.
"పోదు. కానీ గోలీలేస్తే
చెయ్యి ఇంకా చానా ఏండ్లు నీ మాటింటది."

మర్నాడు కోఠీలో రెండు గీతల కాపీ కొని
బల్ల మీద పెట్టాను.
పైగీత తాకేటట్టు రాయమన్నాను.
వ రాశాడు. నం రాశాడు.
ఆగి, ఊపిరి తీసుకుని, ఒక బొద్దు న.
వెనుక నలుగురు నిలబడ్డారు బ్యాగులతో.

"మిగిలింది పొద్దుమీకి రాస్త," అన్నాడు,
"నువ్వు పో. చదువుకో."