సూరమ్మ పులుసు

రేవులో సూరమ్మ గంపెడు మట్టగిడసలు
పులుసెట్టి ఎదురింటి దానికి గిన్నెడు ఇచ్చింది.

ఇది సామెత కాదు.
కాకినాడ పెద్దాసుపత్రి వార్డులో
శేషారత్నం మేడం
మా పన్నెండుమంది చేత వల్లె వేయించిన వాక్యం.
ఇంగ్లీషు పుస్తకాల్లో ఇలాంటివి బోలెడు,
పరీక్ష హాల్లో గుర్తొస్తాయి,
రాత్రి రెండింటికి రావు, అనేవారు.
ఆ వేళకి గుర్తొచ్చేది ఆకలొక్కటే,
అందుకే మీకు పులుసు పెట్టాను.

రే అంటే రక్తనాళాలు, మూసుకున్నవీ చిట్లినవీ.
సూ, సూక్ష్మజీవులు. గం, గడ్డలు.
మ దగ్గర కాస్త నిలబడమనేవారు:
జబ్బుకి మింగేదీ మందే,
చేలో కొట్టేదీ మందే,
సాయంత్రం గట్టు మీద తాగేదీ మందే,
మూడూ అడగండి,
మూడోది భార్య బయటికెళ్ళాక అడగండి.
పు, పుట్టుకతో వచ్చినవి.
ఎ, సొంత ఒంటి మీదే ఎదురుతిరిగిన సైన్యం.
దా అంటే దెబ్బ, గుణింతం తప్పినా సరే.
గి, గ్రంథులు.
"మరి చివర 'ఇచ్చింది' ఎందుకండీ?"
అడిగాడు కడలి వీరభద్రం.
"ఇ అంటే ఇంకేమైనా.
అది తినకుండా విస్తరి ముందునుంచి లేవకూడదు."

రాజోలుకొచ్చిన మొదటి ఏడాది, ఒక కుర్రాడు.
పద్నాలుగేళ్ళు. సరుగుడు తోటల్లో గేదెలు కాసేవాడు.
ఆరు రోజుల జ్వరం.
సూ దాకా బాగానే వెళ్ళాను.
టైఫాయిడ్, మలేరియా, డెంగీ, ఎలుక జ్వరం,
స్క్రబ్ టైఫస్ కూడా రాశాను, ఐదోది.
చెయ్యెత్తించి చంక చూడలేదు.
కాకినాడలో చూశారు,
అగరొత్తి అంటించి ఆర్పినంత నల్లటి పెచ్చు.
అప్పటికే ఆలస్యం.
జాబితా గుర్తుచేస్తుంది.
చొక్కా విప్పదు.

మొన్న ఆషాఢంలో,
నరసాపురం పంటు ఆఖరి ట్రిప్పు కట్టేశాక, ఆటోలో
బొంతు దైవకుమారి, యాభై ఒకటి, అంతర్వేదిపాలెం.
వాంతులు. నాడి నలభై.
"లైటు చుట్టూ పసుప్పచ్చగా కనపడతందండీ."
డ్యూటీలో ఉన్న కొత్తమ్మాయి ఈసీజీ పట్టుకుని
గుండెపోటే మేడం, అంది.
రే దగ్గరే దిగిపోయింది.
నాకూ అక్కడే దిగిపోవాలనిపించింది,
నిద్ర అలాంటిది.
అంబులెన్సుకి ఫోను చేసి,
అది వచ్చేలోగా పులుసు మొదలుపెట్టాను.

మ.
చేలో కొట్టారా? "మాది చేను కాదండి, రొయ్యల చెరువు."
తాగుతారా? "మా ఆయన్నడగండి."
బిళ్ళలు?
కొంగుముడి విప్పింది.
ఒక అట్ట భీమవరం డాక్టరు రాసింది,
గుండె కవాటానికి, రోజుకొకటి.
రెండో అట్ట రంగు వేరు, పేరు వేరు,
చర్చి ఆవరణలో ఉచిత శిబిరం వాళ్ళిచ్చింది.
కళ్ళజోడు తుడుచుకుని చిన్నక్షరాలు చదివాను.
లోపలున్నది ఒకటే మందు.
పద్దెనిమిది రోజులుగా రెండేసి.
"రెండూ గుండెకే కదండీ,
ఇంకా మంచిదే అనుకున్నాను."

అట్టలు రెండూ రిఫరల్ చీటీకి పిన్ను కొట్టి
బండెక్కించాం.
తొమ్మిదో రోజు నడుచుకుంటూ వచ్చింది,
పీతలు తెచ్చింది, వద్దన్నా వినలేదు.

ఆ రాత్రి నేను గొణుక్కున్నదేంటని
కొత్తమ్మాయి అడిగితే చెప్పాను.
నవ్వింది.
"మట్టగిడస అంటే ఏంటి మేడం? మాది మదనపల్లె."
అయితే నీ ఊరి వంట నువ్వే వండుకో, అన్నాను,
చివర ఇ మాత్రం ఉండాలి.

వారానికి డ్యూటీ గది గోడ మీద
ప్లాస్టరు ముక్కతో అంటించిన కాగితం.
రాగిసంగటితో మొదలైంది,
ఇ దగ్గర రెండుసార్లు గీత గీసింది.
గడ్డలకి మాత్రం అందులో చోటు లేదు.
పెన్సిలుతో మధ్యలో ఒక గ రాసి
రౌండ్లకి వెళ్ళాను.