కావలి

కావలి దాటి తూర్పుకు తిరిగితే
గాలికి ముందు ఉప్పు తగులుతుంది, ఆపైన రొయ్యల మేత వాసన.
నా బండి వెనక ఐసుపెట్టె,
అందులో ఊదా మూతల ఖాళీ గొట్టాలు.
జువ్వలదిన్నె దారిలో ఏడో గుంట గట్టు మీద
ఏకొల్లు చెంచయ్య.
అరవై తొమ్మిది అంటాడు, ఆధార్ కార్డు డెబ్బై నాలుగంటుంది,
మా కాగితాల్లో నలభై ఒకటో నంబరు.

ఐదు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకో తాతా:
తాళం, మబ్బు, చెప్పు, జొన్న, గంట.
సరేనంటాడు.
పది నిమిషాలు సూదీ దూదీ, బీపీ పట్టీ.
మళ్ళీ అడిగితే "తాళం" అని ఆగిపోతాడు.
"ఏసే ఉండాదిలే పాపా, ఇప్పుడే చూసొచ్చినా."

ఇరవై రెండేళ్ళ కిందట, అమావాస్య రాత్రి
ముప్పై కౌంటు రొయ్య కోసం వలతో దిగినోళ్ళు
తెడ్డుతో నెత్తిన కొట్టి పోయారు.
పదకొండు కుట్లు. నెల్లూరు పెద్దాసుపత్రిలో మూడు వారాలు.
ఎముక అతుక్కుంది, జుట్టూ మొలిచింది
ఆ ఒక్క గీత మీద తప్ప.
పోలమ్మ దాని వెంట వేలు పోనిచ్చి చూపిస్తుంది
కొత్తవాళ్ళకి గట్టు మీద దారి చూపినట్టు.

మా సారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పిన సంగతి:
మెదడులోనూ కాపలావాళ్ళుంటారట.
చిన్న కణాలు, కొమ్మల్లాంటి చేతులు చాచి
రేయింబవళ్ళు తడుముతూ ఉంటాయి.
దెబ్బ తగిలితే చేతులు ముడుచుకుని, ఉబ్బి, ఉరుకుతాయి,
చచ్చినదాన్ని ఏరి తింటాయి. మంచిదే.
దొంగ పోయాడని ఎవరూ చెప్పకపోతేనే చిక్కు,
చీకట్లో కదిలిందల్లా దొంగే.
వయసు మీదపడేకొద్దీ
లాంతరు తగ్గించడం వాటికి చేతకాదు.
'జొన్న'కీ 'గంట'కీ నడుమనున్న సన్నటి వంతెన,
దాన్నీ కొరికేస్తాయి.

అందుకే ఈ నెత్తురు.
లోపలి మంట తాలూకు బూడిద ఇందులో తేలుతుందేమోనని చూస్తాం.
తేలుతుందో లేదో.
ముప్పై తొమ్మిదో నంబరులో ఏమీ కనపడలేదు,
ఆమెకు మిగిలింది తన ఎనుము పేరొక్కటే.

"రొయ్యకుండాదా పాపా, ఆ కావలి?"
ఉంది తాతా. కానీ మనకున్నట్టు
వచ్చిపోయిన రోగాల చిట్టా దానికి లేదంటారు.
తెల్లమచ్చ ఎన్నిసార్లు వచ్చినా దానికి మొదటిసారే.
"అందుకే గుంటకి గుంట ఒక్క రాత్రిలో తేలిపోతాది," నవ్వుతాడు.
కాసేపు నీళ్ళు చిలికే ఏరేటర్ల చప్పుడు.

పని మానేసి ఎనిమిదేళ్ళు.
గుంట చేతులు మారింది, జీతం లేదు, అడిగేవాళ్ళూ లేరు.
అయినా రాత్రి రెండింటికి టార్చి పట్టుకుని లేస్తాడట.
పోలమ్మ గడపలోంచి కేకేస్తుంది:
"పోయినారు! వాళ్ళు యాడనో పోయినారు, నువ్వు రా!"
ఒక్కోనాడు వస్తాడు.
నేనా కేకను ఏ గడిలో రాయాలో తెలియక
మార్జినులో రాసుకున్నాను.

ఐసుపెట్టె మూత బిగిస్తుంటే పక్కకొచ్చి నిలబడ్డాడు.
"నా నెత్తురు మరిచిపోలేకుండా ఉండాదంటివి,
నేనేమో అన్నీ మరిచిపోతుండానంటివి.
రెంటిలో ఏది నిజమో చెప్పు."

చెప్పు.
మూడో మాట.
కాగితం మళ్ళీ తీశాను.
గాలికి అంచు కొట్టుకుంటోంది,
మార్కు వెయ్యాలో వద్దో,
పెన్ను మూత ఇంకా నా పళ్ళ మధ్యే ఉంది.