పున్నమికి రెండోసారి

పుష్యమాసం. వింజమూరు పశువుల ఆసుపత్రిలో
ఇనప గొట్టాలు తాకితే వేళ్లు కొంకర్లు పోతున్నాయి.
ఆటో వెనక గోతంపట్ట మీద పడుకోబెట్టి
దూడను తెచ్చింది మాలకొండమ్మ.
"దిష్టి తగిలుండాది అమ్మణ్ణీ,
గోడకి రుద్దుకుంటా నిలబడతాది, మేత ముట్టదు."

కనురెప్ప తిప్పి చూశాను.
లోపల ఎరుపు లేదు, వెల్లేసిన గోడ రంగు.
మెడ కింద వెంట్రుకలు పాయ తీశాను.
దిష్టికి ఆరు కాళ్లున్నాయి.

ఒంటికన్ను మూసి మైక్రోస్కోపులోకి తొంగిచూసిందామె.
"రెక్కలేవీ?"
లేవు. కళ్లూ లేవు.
పుట్టిందీ ఈ వెంట్రుకల్లోనే, పోయేదీ ఇక్కడే,
చూడాల్సిన ఊరేదీ లేదు దానికి.
కాలి కొసన ఒక్కో కొక్కెం,
బర్రె వెంట్రుక లావుకి సరిగ్గా చేసిన కొలత.
గొర్రె మీద నిలవదు,
నీ కూతురి జడలో పడితే ఆకలికి ఎండిపోద్ది.
గుడ్డు పెడుతూనే జిగురు పూస్తుంది తల్లి,
ఏ వానా కడగలేని జిగురు.
గుడ్డుకి పైన బుల్లి మూత.
లోపలి పిల్ల గాలి మింగి మింగి
ఆ మూత నెట్టుకుని వస్తుంది.
మూడుసార్లు చొక్కా విడిచి తనూ తల్లవుతుంది.

ఆమె ఇంకా చూస్తూనే ఉంది.
"పొట్టలో ఆ నల్లంది ఏంది?"
నేను చెప్పలేదు.
"నా దూడ రగతం గదా."

తర్వాత పైకే లెక్కేసుకుంది:
పొద్దున కేంద్రానికి రెండు లీటర్లు, సాయంత్రం ఒకటిన్నర,
ఫ్యాటు కొలిచే పిల్లోడు ఒలకబోసే గుక్కెడు,
మనవడి గ్లాసు,
దూడకి, చేపు కోసం వదిలే నాలుగు చీకులు.
"పేను తాగింది ఎంత అమ్మణ్ణీ,
దానికంటే ముందు తాగినోళ్లం ఎంతమందిమి!"
పేనుకు పెత్తనమిస్తే, అని సామెత ఎత్తబోయి ఊరుకున్నాను.
పెత్తనం ఎవరిదో తేలలేదింకా.

ఎండెక్కాక మందు కొట్టాం,
చెవుల వెనక, తోక కుదురున, తొడల సందుల్లో.
ఇంట్లో ఉన్న బర్రెలన్నిటికీ కొట్టాలన్నాను.
ఈపులు మాత్రం ఈ మందుకి చావవు,
పగిలి బయటికొచ్చాక మళ్లీ కొట్టాలి, పదిహేను రోజులకి.
ఆమె గోడ మీది క్యాలెండరు చూడలేదు.
"ఇయ్యాల అమాస. పున్నానికి వస్తా."

వచ్చింది. దూడ నడిచే వచ్చింది, తాడు లాగుతూ.
సాయంత్రం పాలు పోయడం మానేసిందట.
చీటీ డబ్బు ఒక నెల బాకీ పడిందట, అదీ చెప్పింది.
నేను గ్లవుజు తొడుక్కునే లోపలే
తనే మెడ వంచి వెంట్రుకలు పాయ తీసింది,
గోటి మీదికి ఒకటి తీసి ఎండకి పట్టింది.
"మూత తెరిచుండాది అమ్మణ్ణీ.
లోపల్ది యాడికి పొయ్యిందో, ముందు అది చూడు."